పేరు లేని మూడు ఆటలు

పోర్ట్‌కెల్లీ రేవులో నిలబడి ఇన్నెస్ మెయిర్ ఇల్లెక్కడని అడిగితే ఎవరూ తిన్నగా జవాబు చెప్పరు. ఏ ఇన్నెస్ మెయిర్ అని ఎదురడుగుతారు. ఊళ్ళో సగం మంది మెయిర్‌లే. మిగతా సగం వాళ్ళ అల్లుళ్ళూ, వియ్యాలవారూ. తాత పేరు మనవడికి పెట్టుకునే ఊరు కనుక ఒకే పేరుతో ముగ్గురో నలుగురో ఎప్పుడూ ఉంటారు. అందుకే ఇంటికో పిలుపు పేరు, ఒక్కోసారి మనిషికో పిలుపు పేరు. బాబిన్ వాళ్ళు, డీకన్ వాళ్ళు, షేవీ వాళ్ళు. ఆ పేరు ఎందుకొచ్చిందో రెండు తరాలు గడిస్తే ఎవరికీ గుర్తుండదు. కానీ ఒకసారి అతుక్కుందంటే ఊడదు. బడి హాజరులోనూ అదే, పడవ మీద పనివాళ్ళ పట్టీలోనూ అదే, ఆఖరికి సమాధి రాతి మీదా అదే.

మన ఇన్నెస్ షేవీ వాళ్ళ ఇన్నెస్. తల్లి వాడి పసితనంలోనే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. తండ్రి రాబీ ఏడాదిలో ముప్పాతిక భాగం సముద్రం మీదే ఉండేవాడు. పిల్లవాణ్ణి పెంచింది మేనత్త ఎల్సీ. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. చేపల వ్యాను నడిపేది. తెల్లవారకముందే రేవులో సరుకు ఎత్తుకుని, లోపలి పల్లెల్లో పాడి ఇళ్ళ గుమ్మాల ముందు ఆగుతూ అమ్ముకునేది. చూపు తగ్గిన ముసలమ్మలు చేప కొంటే అక్కడే వ్యాను బల్ల మీద పెట్టి ఒక్కొక్క ముల్లూ ఏరి ఇచ్చేది. వెనక ఎంతమంది నిలబడ్డా సరే, ఆ పనిలో తొందర పడేది కాదు. వెనక నిలబడ్డవాళ్ళూ ఏమీ అనేవారు కాదు.

వాడికి ఫుట్‌బాల్‌లో ఎడమకాలి ఆట ఎలా వచ్చిందో ఊరందరికీ తెలుసు. ఇళ్ళ వరసకీ సముద్రానికీ మధ్య బట్టలారేసుకునే పచ్చిక పట్టీ ఒకటుంది. పిల్లలు ఆడేది అక్కడే. కుడికాలితో తంతే బంతి నీళ్ళలో పడేది. ఒక బంతిని అలలు నార్వే దాకా తీసుకుపోయాయని పెద్దవాళ్ళు వాణ్ణి ఏడిపించేవారు. మరో బంతి ఎవరు కొంటారు? కాబట్టి వాడు ఎడమకాలితో తన్నడం నేర్చుకున్నాడు. ఆరేసిన దుప్పట్ల మధ్యనుంచి బంతిని నడిపించుకుంటూ, ఒక్క దుప్పటికీ మట్టి మరక అంటకుండా ఆ చివరికి చేరేవాడు. అంటిందా, డీకన్ వాళ్ళ మెగ్ చీపురు తీసుకుని బయటికొచ్చేది. చీపురుతో ఒకటి వేసేది, తర్వాత జామ్ రాసిన రొట్టె ముక్క చేతిలో పెట్టి పంపేది.

పదహారో ఏట నగరంలోని పెద్ద క్లబ్బు వాణ్ణి తీసుకుంది. ఎల్సీ వాణ్ణి ఆ చేపల వ్యానులోనే దింపి వచ్చింది. వ్యాను వెనక తలుపు తీసి పెట్టె దించుతుంటే తక్కిన కుర్రాళ్ళు ముక్కులు మూసుకున్నారట. మొదటి ఏడాదంతా వాణ్ణి చేప అనే పిలిచారు. వాడు పట్టించుకోలేదు. ఊళ్ళో అందరికీ ఏదో ఒక పేరుంటుంది కదా, ఇక్కడ ఇదీ అనుకున్నాడు. ఆ రోజుల్లో కొత్తగా చేరిన కుర్రాళ్ళ పని సగం ఆట, సగం చాకిరీ. పెద్ద ఆటగాళ్ళ బూట్లకు మట్టి గీకి, నూనె రాసి, వరసగా పెట్టాలి. ఆట మర్నాడు మెట్లన్నీ ఊడవాలి. ఇన్నెస్ అవన్నీ చేశాడు. మూడేళ్ళలో రిజర్వు జట్టుకు బాగానే ఆడాడు. అసలు జట్టుతో రెండుసార్లు బెంచీ మీద కూర్చున్నాడు. మైదానంలోకి మాత్రం ఎవరూ పిలవలేదు. తర్వాత మేనేజరు మారాడు. కొత్తాయనకు ఎత్తుగా ఉన్నవాళ్ళు కావాలి. వసంతకాలంలో ఒక ఉదయం కుర్రాళ్ళను ఒక్కొక్కరిగా గదిలోకి పిలిచారు. లోపలికి వెళ్ళినవాడు నీళ్ళు తాగినంత సేపట్లో బయటికొస్తున్నాడు. ఇన్నెస్ తన బూట్లు ప్లాస్టిక్ సంచీలో వేసుకుని బస్సెక్కాడు. బస ఇచ్చిన హాడో అమ్మగారు మాత్రం వీధి చివరిదాకా వచ్చి, దారిలో తినమని ఉడికించిన గుడ్లు చేతిలో పెట్టి, నీ తప్పేం లేదు నాయనా అందట. వాడికి అప్పటిదాకా రాని ఏడుపు ఆ మాటకు వచ్చింది.

ఊళ్ళో ఎవరూ ఏమీ అడగలేదు. ఊరి మర్యాద అది. రొట్టెల కొట్టు మెయిర్ అడక్కుండానే సంచీలో ఒక ఉప్పు రొట్టె ఎక్కువ వేశాడు. ప్రార్థన మందిరంలో పెద్దలు వాడి భుజం తట్టి వాతావరణం గురించి మాట్లాడారు. బాబిన్ వాళ్ళ విల్లీ, సొంత పడవున్నవాడు, రేవు గోడ మీద వాడి పక్కన కూర్చుని చాలాసేపు పైపు వెలిగించుకోవడంతోనే సరిపెట్టాడు. ఆఖరికి తన పడవకు కొత్త ఇంజను వేయిస్తున్నానని, కొత్త సంవత్సరం వెళ్ళాక సముద్రంలోకి దించుతానని, ఒక మనిషి చోటు ఖాళీగా ఉందని చెప్పాడు.

"అప్పటిదాకా ఎవర్నీ పెట్టుకోను. నీకు ఆట దొరికిందనుకో, నాకంటే సంతోషించేవాడుండడు. దొరక్కపోతే చోటు నీదే."

దయతో అన్న మాటే. కానీ అది వాడి మెడకు గడువులా చుట్టుకుంది. కొత్త సంవత్సరం లోపల ఏదో ఒక క్లబ్బు సంతకం పెట్టించుకోవాలి. లేదంటే సముద్రం. సముద్రానికి వెళ్ళినవాడు తిరిగి ఆటకొచ్చిన దాఖలా ఆ తీరంలో లేదు. శనివారం మధ్యాహ్నం మూడింటికి మైదానంలో ఉండాల్సినవాడు ఏ దీవుల అవతలో వల లాగుతుంటాడు.

వేసవి, ఆకురాలు కాలం అలాగే గడిచాయి. వాడు పగలు చేపల షెడ్డులో కత్తి పట్టేవాడు, సాయంత్రం ఇసుకలో పరిగెత్తేవాడు. ఏ క్లబ్బు పిలిచినా వెళ్ళి ఆడి వచ్చేవాడు. కబురు చేస్తామనేవారు. ఎవరూ చేసేవారు కాదు. ఎల్సీ రోజూ ప్రార్థనలో వాడి పేరు ఎత్తేది. పైకి కాదు, లోలోపలే. ఆటను గురించి దేవుణ్ణి విసిగించడం సబబేనా అని ఆవిడకు కొంచెం అనుమానం. అయినా ఎత్తేది.

నవంబరులో గ్లెన్‌బార్ రోవర్స్ మేనేజరు టెనంట్ ఫోన్ చేశాడు. కొండల లోపలి చిన్న ఊరు, అట్టడుగు లీగు. అయినా లీగు లీగే. వచ్చి మూడు ఆటలు ఆడమన్నాడు, ట్రయలిస్టుగా. చిన్న క్లబ్బుల్లో అదొక ఆనవాయితీ. సంతకం లేకుండా మనిషిని ఆడించి చూసుకుంటారు. ఆ మూడు ఆటలూ వాడికి పేరుండదు. మైకులోనూ చెప్పరు, పత్రికలోనూ వేయరు. ట్రయలిస్ట్ అంటారు, అంతే. పేరు బయటపడితే ఇంకో క్లబ్బువాళ్ళు తన్నుకుపోతారని భయం. టెనంట్ ఇన్నెస్ చేత మాట తీసుకున్నాడు. ఇన్నెస్ వచ్చి అత్త చేత మాట తీసుకోబోయాడు.

ఎల్సీ అప్పుడు వంటింట్లో చేపలకు పిండి పట్టిస్తోంది. ఎవరైనా అడిగితే తెలీదని చెప్పమన్నాడు వాడు.

"నేను అబద్ధం ఆడనురా ఇన్నెస్. నీకు తెలుసు."

"ఆడమనట్లేదత్తా. ఊరికే ఉండు, చాలు."

"ఊరికే ఉండటమైతే నాకు బాగానే వచ్చు," అంది ఆవిడ. "నోరు విప్పని మీ నాన్నతో ముప్పై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాను."

అలా మాట ఇచ్చింది. పోర్ట్‌కెల్లీలో అందరికీ సంగతి తెలిసింది, తెలిసినవాళ్ళంతా తెలియనట్టే ఉన్నారు. శనివారం పొద్దున వ్యాను కొండలవైపు తిరిగితే, ఎల్సీ, ఇవాళ అటు అమ్మకమా అని అడిగేవారు. అవునంటే అబద్ధం. కాదంటే గుట్టు రట్టు. ఆవిడ చెయ్యి ఊపి ముందుకు పోయేది. వాళ్ళు నవ్వుకునేవారు.

మొదటి ఆటకు చలి ఎముకల్లోకి దిగింది. మైకులో జట్టు చదివారు. పేర్లన్నీ అయ్యాక, పదకొండో నంబరు ట్రయలిస్ట్ అని వినబడింది. ఎల్సీకి ఆ మాట చెవిలో గుచ్చుకుంది. వాడికి ఇన్నెస్ అని పేరు పెట్టింది తన తండ్రి గుర్తుగా. ఆమె పక్కన నిలబడ్డ ముసలాళ్ళు వాడు మొదటిసారి బంతి పోగొట్టుకోగానే మొదలెట్టారు.

"ఏవయ్యా ట్రయలిస్టూ, మీ అమ్మ నీకు పేరు పెట్టడం మర్చిపోయిందా?"

"పెట్టిందిరా. చూసి సిగ్గుపడి వెనక్కి తీసుకుంది."

ఎల్సీ పెదవులు బిగించి నిలబడింది. మాట ఇచ్చింది కదా. తినుబండారాల గుడిసెలో పనిచేసే నెట్టా అనే ఆవిడ ఆ ముఖం చూసి, ఏమనుకుందో ఏమో, లోపల పొయ్యి దగ్గరికి పిలిచి చేతులు కాచుకోమంది. ఎవరి తాలూకని అడగలేదు. మాంసం కూరిన వేడి రొట్టె ఒకటి కాగితంలో చుట్టి, ఇది తినడానిక్కాదు, జేబులో పెట్టుకో, ఆట అయ్యేదాకా వేడిగా ఉంటుందని చెప్పింది.

రెండో ఆటలో ఇన్నెస్ గోలు కొట్టాడు. ఎడమ పక్కనుంచి, ఆరేసిన దుప్పట్ల మధ్యన నడిచినట్టు, ఇద్దరిని తప్పించుకుని పోయి మూలకు కొట్టాడు. వెనక్కి వస్తూ, కనబడదని తెలిసీ, అత్త ఉన్న వైపు చూశాడు. మొదటి ఆటలో వెక్కిరించిన ముసలాళ్ళే చప్పట్లు కొట్టారు. మంచి కుర్రాడే, పేరు లేకపోతేనేం అన్నారు. ఎల్సీ ఆదివారం పత్రిక ముట్టదు కనుక సోమవారం పత్రికలో చూసుకుంది. గోలు పక్కన ట్రయలిస్ట్ అని అచ్చయింది. ఆ ముక్క కత్తిరించి దాచుకుందామని కత్తెర తీసింది. మళ్ళీ పెట్టేసింది. దాచుకుంటే తర్వాత ఎవరు నమ్ముతారు?

మూడో ఆట క్రిస్మస్‌కు ముందు శనివారం. సంతకం ఇవాళే ఉండొచ్చని ఇన్నెస్ దారిలో చెప్పాడు. బూట్లకు తనే నూనె రాసుకున్నాడు, పెద్ద క్లబ్బులో పెద్దవాళ్ళ బూట్లకు రాసినట్టు. ఎల్సీ ఎప్పుడూ నిలబడే చోటే నిలబడింది. కాసేపటికి ఒక పొట్టి మనిషి వచ్చి పక్కన నిలబడ్డాడు. తడిసిన టోపీ, మర్యాదగల ముఖం. ఆవిడ ముందున్న కమ్మీ మీద వాన నీళ్ళు తన చేతిరుమాలుతో తుడిచాడు. జేబులోంచి తెల్ల పిప్పరమెంటు బిళ్ళల పొట్లం తీసి ముందుకు చాపాడు. మందిరంలో ప్రసంగం మొదలవగానే వరస పొడుగునా చేతులు మారే బిళ్ళలవి. ఎల్సీ ఒకటి తీసుకుంది. మనిషి మీద గురి కుదిరింది.

ఆ రోజు ఇన్నెస్ ఆడిన ఆట ఆవిడ అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. ఒక గోలు కొట్టాడు, ఇంకొకటి పక్కవాడి కాలి దగ్గర పెట్టి కొట్టించాడు. పొట్టి మనిషి బిళ్ళ చప్పరించడం ఆపేశాడు. రాతకోతలేవీ లేవు, కళ్ళతోనే చూస్తున్నాడు. కాస్సేపటికి ఆవిడవైపు తిరిగాడు.

"ఆ పదకొండో నంబరు కుర్రాడెవరో మీకేమైనా తెలుసాండి?"

ఎల్సీ మాట్లాడలేదు. ఊరికే ఉండటం బాగానే వచ్చుననుకుంది కదా. ఆయన వదల్లేదు. మెత్తగానే అడిగాడు.

"మీరు ఆటంతా ఆ అబ్బాయినే చూస్తున్నారమ్మా. మీ అబ్బాయేమో అనుకున్నాను."

ఊరికే ఉంటే అవునన్నట్టే. అవునంటే మాట తప్పినట్టు, సంతకం చేతిలోకొచ్చే రోజున పిల్లవాడి నోటి ముందర కూడు తీసేసినట్టు. ఆవిడ చేతులు జేబుల్లో, నెట్టా ఇవాళ కూడా ఇచ్చిన వేడి రొట్టె మీద ఉన్నాయి. ఆ వేడి పట్టుకునే అంది.

"నేనెరగను. ఆ అబ్బాయెవరో నాకు తెలీదు."

ఆయన క్షమించమన్నాడు. టోపీ కొంచెం పైకెత్తి, రైలుకు టైమవుతోందని, ఆట అయిపోకముందే వెళ్ళిపోయాడు. పిప్పరమెంటు పొట్లం కమ్మీ మీద మర్చిపోయాడో, ఆవిడ కోసమే వదిలాడో తెలియదు.

ఆట అయ్యాక నెట్టా గుడిసె తలుపులు మూస్తూ మాటవరసకి అంది, ఫెర్రియర్ గారు నీ పక్కనే నిలబడ్డాడే, ఏం మాట్లాడాడని. ఏ ఫెర్రియర్ అని అడిగింది ఎల్సీ. క్రెయిగ్‌మోర్ అథ్లెటిక్‌కు ఆటగాళ్ళను వెతికిపెట్టే ఆయన. రెండు మెట్లు పైనున్న లీగు. వాళ్ళకు ఎడమకాలి కుర్రాడు కావాలని నెల్లాళ్ళుగా కొండలన్నీ తిరుగుతున్నాడు. చాలా మంచివాడు, ఎవరినీ బలవంతపెట్టడు. నెట్టా ఇదంతా గిన్నెలు బోర్లిస్తూ చెప్పింది. ఎల్సీ ముఖం చూశాక బోర్లించడం ఆపింది. ఆ ముఖంలో ఏం కనబడిందో, తన భర్త దగ్గర ఫెర్రియర్ ఇంటి నంబరు ఉంటుందని లోపలికి పోయి, చిన్న కాగితమ్ముక్క మీద రాసుకొచ్చి, ఏమీ అడక్కుండా ఆవిడ చేతిలో పెట్టింది.

ఎల్సీ వ్యాను దగ్గరికి వచ్చేసరికి ఇన్నెస్ అక్కడే ఉన్నాడు, బూట్లు చేతిలో. టెనంట్ మాట చెప్పాడు. చాలా బాగా ఆడావన్నాడట. కానీ వాళ్ళ సొంత ఎడమ వింగు ఆటగాడు ఆర్చీ మీద మూడు ఆటల నిషేధం ఇవాళ్టితో తీరింది, వచ్చే శనివారం తిరిగొస్తున్నాడు. ఇద్దరికి జీతాలిచ్చే శక్తి క్లబ్బుకు లేదు. వచ్చే ఏడు చూద్దాం అన్నాడట. ఇన్నెస్ ఇదంతా చెప్పి నవ్వాడు. ఆ నవ్వు ఎల్సీకి నచ్చలేదు.

"ఆ మూడు ఆటలకి వాళ్ళకి ఎవడో ఒకడు కావాలత్తా. ఊరికే వచ్చేవాడు. పేరు కూడా అచ్చేయక్కర్లేదు."

టెనంట్ దుర్మార్గుడని కాదు. ఆ సాయంత్రమే పిల్లవాడికి స్నానానికి వేడి నీళ్ళు తనే పట్టించాడు, చెయ్యి పట్టుకుని ఊపాడు. క్లబ్బులన్నీ అలాగే బతుకుతాయి.

వ్యాను కొండ దిగుతుండగా ఎల్సీ చెప్పింది. పిప్పరమెంటు బిళ్ళల సంగతి, కమ్మీ తుడిచిన సంగతి, ఆయన అడిగినది, తను అన్నది. ఒక్క మాట దాచలేదు. వాడు కిటికీలోంచి చూస్తూ విన్నాడు. మొత్తం విన్నాక అన్నాడు.

"నేనే కదత్తా చెప్పమన్నాను."

"నువ్వు ఊరికే ఉండమన్నావు. నేను అంతకంటే ఎక్కువే అన్నాను."

ఇల్లు చేరగానే ఆవిడ కోటు కూడా విప్పకుండా ఆ నంబరుకు ఫోన్ చేసింది. మోగింది, ఎవరూ ఎత్తలేదు. ఆయన ఇంకా రైల్లో ఉండి ఉంటాడు. సూప్ తాగాక మళ్ళీ చేసింది. ఎవరూ లేరు. మనిషి ఎక్కడో మధ్యలో దిగి ఉంటాడనుకున్నారు. ఆ తర్వాత ఆదివారం వచ్చింది.

షేవీ వాళ్ళ ఇంట్లో ఆదివారం అంటే శనివారమే ఒలిచిపెట్టుకున్న బంగాళాదుంపలు, ముందు రోజే మెరుగు పెట్టిన జోళ్ళు, మందిరానికి పోవడం, రావడం. ప్రభువు రోజున ఆ ఇంట్లో కొనుగోలు లేదు, అమ్మకం లేదు, పని మాట లేదు. ఫోన్ ఎత్తేది జబ్బు చేస్తేనో, మనిషి పోతేనో. ఎల్సీ తల్లి కాలంనుంచి అంతే. ఆ ఆచారం ఎన్నోసార్లు ఆ ఇంటిని నిలబెట్టింది. అలిసిపోయిన ఒళ్ళకు, దుఃఖంలో ఉన్న మనసులకు అది ఆసరా. నేను దాన్ని తప్పు పట్టను.

ఫోన్ హాల్లో, మెట్ల కింద చిన్న బల్ల మీద ఉండేది. ఆ పొద్దున మందిరంనుంచి వచ్చాక ఇన్నెస్ హాల్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అక్కడ ఎవరూ కూర్చోరు, గాలి కొడుతుంది. ఎల్సీ భోజనం వడ్డించింది. వాడు తిన్నాడు, వచ్చి మళ్ళీ అక్కడే కూర్చున్నాడు. ఆవిడ గిన్నెలు సర్దుతూ రెండుసార్లు అటువైపు తొంగిచూసింది. వాడు ఒక్కసారి తలెత్తి చూశాడు. ఆవిడ మళ్ళీ గిన్నెల వైపు తిరిగింది. సాయంత్రం మళ్ళీ మందిరానికి వెళ్ళారు, పాటలు పాడారు. వాడి గొంతు ఆ వరసలో అన్నిటికంటే స్పష్టంగా వినబడింది.

సోమవారం పొద్దున రేవుకు కూడా వెళ్ళకుండా ఎల్సీ ఫోన్ చేసింది. ఈసారి ఫెర్రియరే ఎత్తాడు. ఆవిడ తానెవరో, కుర్రాడెవరో, ఎందుకు ఎరగనన్నదో చెప్పింది.

"అయ్యో అమ్మా," అన్నాడాయన. "ఆనవాయితీ అది, మీ తప్పేం కాదు. కానీ నిన్న సాయంత్రం ఇంకో కుర్రాడి చేత సంతకం పెట్టించాం. పోనీ నిన్న పొద్దున చేసినా సరిపోయేది. మధ్యాహ్నం దాకా నేను ఇంట్లోనే ఉన్నాను." ఆగి, తనతో తనే అన్నట్టు, "వాడు మీవాడిలో సగం కూడా కాడు," అన్నాడు. మంచి మనిషి కనుకే ఆ మాట దాచుకోలేకపోయాడు. దాచుకుని ఉంటే మేలయ్యేది.

ఇన్నెస్ మెట్ల మీద నిలబడి ఉన్నాడు. ఏమన్నాడని అడిగాడు. ఎల్సీ చెప్పింది. సగం కూడా కాడన్న మాట ఒక్కటీ మింగేద్దామనుకుంది. అబద్ధం కాకపోయినా దాచడమేగా, ఒకసారి దాచిన ఫలితం చూశాం కదా అనుకుని అదీ చెప్పింది. వాడు మెట్టు మీద కూలబడ్డాడు.

"నిన్న నేను అడిగుంటే, చెయ్యనిచ్చేదానివా అత్తా?"

ఎల్సీ చాలాసేపు బల్ల మీది గుడ్డ సరిచేసింది.

"ఇచ్చేదాన్ని. నేనే చేసేదాన్ని. నువ్వు అడుగుతావేమోనని రోజంతా చూశాను."

"నీ ఇంట్లో, నీ ఆదివారం. నువ్వే చెయ్యమంటావేమోనని నేను చూశాను."

ఒకళ్ళ మనసు ఒకళ్ళు నొప్పించకూడదనుకుని ఇద్దరూ ఫోన్‌కు చెరోవైపున కూర్చున్నారు. తప్పు పట్టడానికి ఎవరూ దొరకలేదు. ఎవరైనా దొరికుంటే ఇద్దరికీ కొంత తేలికయ్యేది. ఎల్సీ ఆ వారం మందిరంలో మోకరించి క్షమించమని అడగబోయి, దేన్ని క్షమించమనాలో తెలియక అలాగే లేచింది.

కొత్త సంవత్సరం వెళ్ళాక బాబిన్ వాళ్ళ విల్లీ పడవ దించాడు. అన్న మాట ప్రకారం చోటు ఉంచాడు. ఇన్నెస్ బూట్లు కడిగి, నూనె రాసి, కాగితంలో చుట్టి మెట్ల కింద పెట్టాడు. పడవ మీద అప్పటికే ఒక ఇన్నెస్ మెయిర్ ఉన్నాడు, విల్లీ పెద్ద కొడుకు. ఇద్దర్నీ ఒకే పేరుతో పిలిస్తే వల దగ్గర ప్రాణాల మీదికొస్తుంది. మొదటి రోజే విల్లీ, నువ్వు తాడు పట్టుకో ట్రయలిస్టూ అన్నాడు. వెటకారం కాదు. ఊళ్ళో అందరూ దాచిన సంగతిని ఇక దాచక్కర్లేదు గనుక ముద్దుగానే అన్నాడు. అందరూ నవ్వారు, ఇన్నెసూ నవ్వాడు. పనివాళ్ళ పట్టీలో ఇన్నెస్ మెయిర్, ట్రయలిస్ట్ అని రాసుకున్నారు. వేసవి వచ్చేసరికి రొట్టెల కొట్లోనూ అదే పిలుపు. మందిరంలో ప్రార్థన కోరేటప్పుడు కూడా ఒక పెద్దాయన నోరుజారి అదే అన్నాడు.

ఎల్సీ మాత్రం ఎప్పుడూ ఆ పేరు పలకలేదు. పలకనని ఎవరికీ చెప్పనూ లేదు.

ఆ ఆకురాలు కాలంలో ఒక సోమవారం పొద్దున, పడవలు బయల్దేరుతుండగా ఆవిడ వాడు మర్చిపోయిన ఉన్ని చేతి తొడుగులు పట్టుకుని రేవు గోడ మీదికి పరుగెత్తింది. గాలి హోరుగా ఉంది. ఇన్నెస్, ఇన్నెస్ అని పిలిచింది. విల్లీ కొడుకు తలతిప్పి చూశాడు. పడవ ముందు భాగంలో వీపు ఇటుపెట్టి తాడు చుట్టుకుంటున్నవాడు తిప్పలేదు. మళ్ళీ పిలిచింది. తిప్పలేదు.

"ఏ ఇన్నెస్ కావాలి ఎల్సీ అత్తా?" అని అరిచాడు విల్లీ కొడుకు.

పడవకూ గోడకూ మధ్య నీళ్ళు వెడల్పవుతున్నాయి. ఎల్సీ తొడుగులు రెండూ ముడివేసి, విసరడానికి చెయ్యెత్తింది.

"ట్రయలిస్ట్," అంది.

వాడు వెంటనే ఇటు తిరిగాడు.